రెండో మడత వెనక

నాలుగో అంతస్తులో పనిచేసేవాళ్లందరికీ ఆమె గొట్టాలక్క. సొంతపేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. పేగు లోపలికి పంపి చూసే పొడవాటి నల్లటి గొట్టాలని కడిగేది ఆమె కాబట్టి ఎవరో నర్సు సరదాకి అలా పిలిచింది. ఆ నర్సు ఎప్పుడో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది, పేరు మాత్రం ఇక్కడే మకాం పెట్టేసింది.

గొట్టం కడగడమంటే గిన్నెలు తోమడం లాంటిదే అనుకునేవాళ్లని ఒక్క పూట ఆ గదిలో నిలబెట్టాలి. ఒక్కో గొట్టంలో సన్నటి సొరంగాలు మూడో నాలుగో ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో బ్రష్షు. మనిషిలోంచి తీసిన గొట్టం ఆరిపోకూడదు. ఆరిందంటే లోపల అంటుకున్నది గట్టిపడి ఇక చచ్చినా వదలదు. అందుకే పరీక్ష గదికీ కడిగే గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ పెట్టారు. అటునుంచి నర్సు అందిస్తుంది, ఇటునుంచి గొట్టాలక్క అందుకుని తొట్టిలో ముంచేస్తుంది. గొట్టం ఎప్పుడు బయటికొస్తుందో ముందే తెలియాలని పాత తెర ఒకటి తొట్టి పైన గోడకి బిగించారు. అక్కడ డాక్టరుగారి తెర మీద ఏది కనిపిస్తే ఇక్కడా అదే కనిపిస్తుంది.

అలా పదకొండేళ్లుగా ఆమె మనుషుల పేగులు చూస్తోంది. రోజుకి పది, పన్నెండు. పేర్లు తెలియవు, తెర మూల ఒక నంబరు ఉంటుందంతే. ముఖాలూ తెలియవు. గోడలో కిటికీలోంచి మంచం చివర మాత్రమే కనిపిస్తుంది, దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదాలు కనిపిస్తాయి. కాబట్టి ఆమె లెక్కలో మనిషంటే రెండు పాదాలు, ఒక పేగు. మధ్యలో ఉన్నదాని సంగతి మిగతా ప్రపంచం చూసుకుంటుంది.

పేగులో దారులకి ఆమె తన సొంత పేర్లు పెట్టుకుంది. గొట్టం వెళ్లి ఆగే చిట్టచివరి చోటు అడుగుగది. అక్కణ్ణుంచి వెనక్కి లాగుతూ వస్తుంటే ఒక వంపు, ఆ తర్వాత పేగు గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా కనిపించే చోటు. దానికి మూడుమూలల సందు అని పేరు. తర్వాత ఇంకో వంపు, ఆపైన మడతలు మడతలుగా దిగుడు. డాక్టరు వెతికేదంతా ఈ వెనక్కి వచ్చేటప్పుడే. ఆయన వెతికేది పాలిప్ కోసం. గోడ మీద చిన్న బుడిపెలా మొలిచే కండ అది. చాలామటుకు ఏ హానీ చేయదు, కొన్ని మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కాన్సర్‌గా మారతాయి. ఏది మారుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి కనిపించినదాన్నల్లా తీగ ఉచ్చు వేసి కోసేస్తారు. కోసేస్తే ఆ గొడవ అక్కడితో సరి. కనిపించకపోతే కదా చిక్కు.

ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె బట్టల మిల్లులో గుడ్డ చూసే పని చేసింది, పద్నాలుగేళ్లు. అడుగున దీపాలు వెలిగే గాజుబల్ల మీదుగా గుడ్డ పొద్దస్తమానం జారుతూ పోతుంటుంది. తెగిన పోగు, లావెక్కిన పోగు, రంగు అంటని చోటు, నూనె మరక, ఏది కంటబడినా గుడ్డ అంచుకి ఎర్రదారం ముక్క కట్టి వదిలేయాలి. దాన్ని సరిచేయించాలా, పోనివ్వాలా అన్నది పైన కూర్చున్న మేస్త్రీ చూసుకుంటాడు. కొత్తలో ఒకసారి ఉండబట్టలేక, "ఇంత పెద్ద తప్పుని పోనిస్తున్నారేంటండీ" అని అడిగింది. "చూడ్డం నీ పని, తేల్చడం నా పని" అని మేస్త్రీ పదిమందిలో దులిపేశాడు. ఆ మాట ఆమెకి బాగా వంటబట్టింది. అంతగా వంటబట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మిల్లు మూతబడ్డాక వరసకి వదినయ్యే ఒకావిడ పట్టుబట్టి ఇక్కడ పెట్టించింది. చేతులు కొత్త పని నేర్చుకున్నాయి గానీ కళ్లకి పాత అలవాటు పోలేదు. తెర మీద గులాబీరంగు గోడ జారిపోతుంటే, ఎక్కడ తేడాగా ఉంటే అక్కడ ఆమె చూపు టక్కున ఆగేది. డాక్టరుగారు కూడా ఆగి దాన్ని కోసేస్తే, మేస్త్రీ పట్టేశాడు అనుకునేది. ఆగకుండా వెళ్లిపోతే, దీన్ని పోనిచ్చారు, పరవాలేనిది కాబోలు అనుకునేది. ఆయన చూడలేదేమో అన్న ఆలోచన పదకొండేళ్లలో ఒక్కసారీ రాలేదు. అంత చదువుకున్న మనిషికి, పైగా అంత నెమ్మదస్తుడికి, తనకి కనిపించింది కనిపించకపోవడమేంటి?

అలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం కొత్త యంత్రం చూపించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆ యంత్రం కూడా తెరని చూస్తూ ఉంటుందట. పాలిప్‌లా ఏది కనిపించినా దాని చుట్టూ ఆకుపచ్చ గడి గీసి, టింగుమని మోగుతుందట. అంతస్తులో ఉన్నవాళ్లందర్నీ సమావేశం గదిలోకి పిలిచి, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. గొట్టాలక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కంపెనీ మనిషి ఈ ఆసుపత్రిలోనే పోయిన నెల చేసిన పరీక్షల రికార్డింగులు అడిగి తీసుకుని, వాటిమీదే తన యంత్రాన్ని ఆడించి చూపించాడు.

మొదటి రెండింట్లో డాక్టరుగారు పట్టుకున్నవే యంత్రమూ పట్టుకుంది. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. మూడోది మొదలవగానే గొట్టాలక్క ఆ పేగుని గుర్తుపట్టింది, ఎర్రటి గోళ్లరంగు వేసుకున్న పాదాలావిడ. అడుగుగది నుంచి వెనక్కి వస్తుంటే మొదటి వంపు ముందర ఒకటి ఉండాలి, బల్లపరుపుగా, నాలుక మీద తెల్లటి పూతలా. ఇదిగో వస్తోంది అనుకుంది. వచ్చింది. టింగుమంది, ఆకుపచ్చ గడి పడింది. బొమ్మ మాత్రం ఆగకుండా సాగిపోయింది.

"ఆపండి" అన్నారు డాక్టరుగారు. "వెనక్కి తిప్పండి."

వెనక్కి తిప్పారు. మళ్లీ టింగుమంది. డాక్టరుగారు టీ కప్పు పక్కన పెట్టి, తెర దగ్గరికి నడిచి వెళ్లి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. ముప్పై ఏళ్ల అనుభవం, జుట్టంతా నెరిసింది, ఆ గదిలో ఆయన మాటంటే మాటే.

"ఇది నేను చూడలేదు" అన్నారు. "ఈమెకి అంతా బాగుందని చెప్పి పంపేశాను. ఈ పూటే ఫోన్ చేసి పిలిపించండి."

చూసే వదిలేశారు కదా సార్ అన్న మాట గొట్టాలక్క నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చూడలేదా? ఆయన చూడలేదా? తలుపు చెక్క పట్టుకుంది. పదకొండేళ్లుగా ఆయన పోనిచ్చారనుకున్నవన్నీ కళ్ల ముందు ఒకదాని వెనక ఒకటి జారిపోతుంటే, వాటిలో ఒకటి మాత్రం కదలకుండా ఆగిపోయింది. అది ఎవరిదో ఆమెకి తెలుసు. ఎందుకంటే ఆ పాదాలు తెలిసిన పాదాలు.

అవి లిఫ్టు నడిపే బాబాయివి. ఎక్కిన ప్రతివాణ్ణీ "పైకా? కిందకా?" అని అడుగుతాడు కాబట్టి ఆయనకి పైకాకిందకా బాబాయి అని పేరు. మీటలు నొక్కడానికి మనిషెందుకని ఎవరన్నా అంటే, మంచం మీద పడుకున్న రోగికి మీట అందుతుందా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. గొట్టాలక్కని నోరారా "కోడలా" అంటాడు, ఎటు నుంచి కోడలయిందో ఇద్దరికీ తెలియదు. పద్నాలుగు నెలల కిందట ఆయనకి పరీక్ష చేశారు. ఆ రోజు అదే ఆఖరిది. కిటికీలోంచి, బాబాయి రోజూ చెప్పుల్లోకి వేసుకొచ్చే, బొటనవేలు దగ్గర చిరిగిన బూడిదరంగు మేజోళ్లు కనబడేసరికి ఆమెకి సిగ్గేసింది. రోజూ పలకరించే మనిషి పేగు చూడ్డమేంటని మొహం తిప్పుకుంది, అయినా కన్ను ఊరుకోలేదు. మూడుమూలల సందు దాటి, వంపు తిరిగాక, రెండో మడత వెనక ఒకటి కనిపించింది. డాక్టరుగారు ఆగలేదు. మర్నాడు బాబాయి, "అంతా శుభ్రంగా ఉందట, పదేళ్లదాకా తన మొహం చూడొద్దన్నారు డాక్టరుగారు" అంటూ లిఫ్టులో ఎక్కినవాళ్లందరికీ బిస్కెట్లు పంచాడు. గొట్టాలక్క కూడా ఒకటి తింది.

ఆ గోళ్లరంగు ఆవిడ సంగతి రికార్డింగు ఉంది కాబట్టి తేలింది. "పాతవి కూడా ఉంటాయా?" అని కంపెనీ మనిషి అడిగితే, ఏడాది దాటినవి వాటంతటవే చెరిగిపోతాయని రికార్డుల గది గుమాస్తా చెప్పాడు. అంటే బాబాయిది ఎక్కడా లేదు. ఈ లోకంలో అది ఒక్కచోటే ఉంది, గొట్టాలక్క తలలో.

సాయంత్రం ఇంటికెళ్లి భర్తతో చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, ఏ విషయాన్నయినా బ్రేకు మీద కాలు పెట్టుకునే ఆలోచిస్తాడు. అంతా విని, కంచం ముందు చేయి ఆడించకుండా కూర్చున్నాడు.

"నిజంగా చూశావా?"

"చూశాను."

"పోయినేడు చెప్పనిదానివి ఇప్పుడు చెబితే ఏమంటారో ఆలోచించావా? నువ్వు పొరబడి ఉంటే పెద్దాయన పరువు తీసినదానివవుతావు. పొరబడకపోతే ఇన్నాళ్లూ దాచినదానివవుతావు. ఎటు తిప్పినా నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ. ఆ మనిషి చేతి బిస్కెట్ తిన్నాను."

"రేపు నేను దింపుతాలే" అన్నాడు భర్త, కంచం దగ్గరికి లాక్కుంటూ.

మర్నాడు మొదటి పరీక్షకి ముందు ఆమె డాక్టరుగారి గది తలుపు తట్టింది. పదకొండేళ్లలో ఆ గదిలోకి వెళ్లడం అదే మొదలు.

"ఏమ్మా, కడిగే యంత్రం మళ్లీ మొరాయించిందా?"

"కాదు సార్. లిఫ్టు బాబాయికి ఒకటుంది."

"ఏముంది?"

"పాలిప్ సార్. పోయినేడు మీరు చూసినప్పుడు. మూడుమూలల సందు దాటి, వంపు తిరిగాక, రెండో మడత వెనక, పైవైపున. బల్లపరుపుగా ఉంటుంది. చుట్టూ ఉన్న గోడకంటే కాస్త పాలిపోయి ఉంటుంది."

డాక్టరుగారి చేతిలో కలం ఆగిపోయింది. "మూడుమూలల సందేమిటి?"

ఆమె గాలిలో వేలితో మూడు గీతలు గీసి చూపించింది. అది చూడగానే ఆయనకి అర్థమైపోయింది. పాఠం చెప్పించుకున్న కుర్ర డాక్టర్లు కూడా అంత కచ్చితంగా చోటు చెప్పలేరు. కడిగే గదిలో తెర ఉన్న సంగతే ఆయన మరిచిపోయారు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చూశారనుకున్నానండి. చూసి, పరవాలేదని వదిలేశారనుకున్నాను."

"నీ పని గొట్టాలు కడగడమా, నా పరీక్షలు దిద్దడమా?" అన్నారాయన, గొంతు పెంచి. ఆమె తల దించుకుంది గానీ కదల్లేదు. మేస్త్రీ అయితే ఈపాటికి బయటికి పొమ్మనేవాడు. డాక్టరుగారు పొమ్మనలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత ప్రశ్న అడిగేసరికి ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని చూశావమ్మా?"

"వారానికి ఒకటి ఉంటుంది సార్. ఒక్కోవారం రెండు."

ఆయన పెదవులు కదిలాయి. పదకొండేళ్లు, ఏడాదికి ఇన్ని వారాలు అని లోపల గుణించుకుంటున్నారని ఆమెకి తెలిసింది. మధ్యలో పెదవులు ఆగిపోయాయి. "కూర్చోమ్మా" అన్నారు. ఆమె కూర్చోకముందే తనే కుర్చీలో కూలబడ్డారు. మొహం రెండు చేతులతో కప్పుకుని అలాగే ఉండిపోయారు. ఆమె కూర్చోనూ లేక, వెళ్లనూ లేక నిలబడే ఉంది.

బాబాయికి చెప్పే బాధ్యత డాక్టరుగారే తీసుకున్నారు. చెప్పడం అయిపోయాక బాబాయి లిఫ్టులోకి తిరిగొచ్చి, గొట్టాలక్క ఎక్కగానే మొదలుపెట్టాడు.

"పదేళ్ల గ్యారంటీ ఇచ్చారు కోడలా, రెండేళ్లు తిరక్కుండానే రిపేరట. మళ్లీ ఆ దిక్కుమాలిన మందునీళ్లు తాగి రాత్రంతా గదికీ దొడ్డికీ తిరగాలట. నా బతుకంతా పైకీ కిందకీ తిరగడమే, ఇప్పుడు ముందుకీ వెనక్కీ కూడానా?"

ఆమె నవ్వలేదు. బాబాయి మొహంలో నవ్వు కూడా మెల్లగా దిగిపోయింది.

"అక్కడ ఉందని చూసింది నువ్వేనటగా."

"నేనే బాబాయ్."

"పోయినేడే చూశావా?"

"ఆ రోజే చూశాను."

"నా చేతి బిస్కెట్ తిన్నావు కదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. అర్థంకాక అడిగినట్టు అడిగాడు. లిఫ్టు తలుపు మూసుకోకుండా చేయి అడ్డం పెట్టి అలాగే నిలబడిపోయాడు. తలుపు గంట గీపెడుతూనే ఉంది, బయట జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. డాక్టరుగారు పోనిచ్చారనుకున్నాననీ, మిల్లులో అలాగే చేసేవాళ్లమనీ చెప్పాలనుకుంది. ఆ మాటలు ఆమెకే సాకుల్లా వినిపించి గొంతులోనే ఉండిపోయాయి. బాబాయి చేయి తీసి, "పైకా, కిందకా?" అన్నాడు, పరాయివాళ్లని అడిగినట్టు.

పరీక్ష శుక్రవారం పెట్టారు, పొద్దున్నే, అందరికంటే ముందు. గొట్టాలక్కని లోపలికి రమ్మన్నారు. పదకొండేళ్లు గోడకి ఇవతలే ఉన్న మనిషి ఆ రోజు గోడకి అవతల నిలబడింది. మంచం మీద బాబాయి మత్తులో ఎడమవైపుకి తిరిగి పడుకున్నాడు. ఈసారి మేజోళ్లు కొత్తవి. ఆయన మొహం అంత చిన్నగా ఉంటుందని ఆమె ఎప్పుడూ గమనించలేదు.

గొట్టం అడుగుగది దాకా వెళ్లింది. వెనక్కి రావడం మొదలైంది. డాక్టరుగారు ఎన్నడూ లేనంత నెమ్మదిగా లాగుతున్నారు. మొదటి వంపు. మూడుమూలల సందు. రెండో వంపు. ఒకటో మడత. రెండో మడత. ఆయన గొట్టం కొస వంచి మడత వెనక్కి తొంగిచూశారు. గులాబీరంగు గోడ నున్నగా, శుభ్రంగా మెరిసింది. అక్కడ ఏమీ లేదు.

ఆయన మళ్లీ లోపలికి పంపి మళ్లీ వెనక్కి లాగారు. కంపెనీ మనిషి యంత్రాన్ని కూడా ఆ పూటకి తగిలించారు. అదీ మోగలేదు. హెడ్ నర్సు గొట్టాలక్కకేసి చూసి చూపు తిప్పుకుంది. మూడోసారి కూడా ఏమీ కనిపించలేదు. లేకపోతే మంచిదే కదా, బాబాయి బాగున్నట్టే కదా అని ఒక మనసు అంటోంది. నీకు ఉద్యోగం ఉండదు అని ఇంకో మనసు అంటోంది. ఈ రెంటికీ అడుగున కన్ను మాత్రం ఒప్పుకోవడం లేదు. అది చూసింది చూసిందే.

"ఏమీ లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. గొంతులో కోపం లేదు, బతికిపోయానన్న నిట్టూర్పు ఉంది. గొట్టం ఒక బెత్తెడు బయటికి లాగారు.

అప్పుడు ఆమెకి ఆ రోజు కిటికీలోంచి చూసిన మేజోళ్లు గుర్తొచ్చాయి. చిరిగిన చోటు. అందులోంచి బయటపడ్డ బొటనవేలు. ఆ వేలు ఎటు చూస్తోంది?

"సార్, ఆగండి. ఆ రోజు బాబాయి పక్కకి పడుకోలేదు. వేళ్లు పైకప్పుకేసి ఉన్నాయి. వెల్లకిలా ఉన్నాడు."

హెడ్ నర్సు తల ఎత్తింది. "అవును సార్. ఆ రోజు గొట్టం ముందుకి పోకపోతే పొట్ట నొక్కడానికి నేనే వెల్లకిలా తిప్పాను. మళ్లీ పక్కకి తిప్పలేదు."

ఇద్దరు నర్సులు కలిసి బాబాయిని వెల్లకిలా తిప్పారు. తెర మీద లోపలంతా ఒక్కసారి కదిలింది. అడుగున నిలిచిన నీళ్లు ఇంకోవైపుకి జారిపోయాయి, కుంగి ఉన్న మడత గాలి నింపుకుని నెమ్మదిగా విచ్చుకుంది. దాని వెనక, పైవైపున, పాలిపోయిన మరకలా అది ఉంది. యంత్రం టింగుమంది, కానీ అంతకు ఒక్క క్షణం ముందు గొట్టాలక్క నోట్లోంచి తనకి తెలియకుండానే ఒక మాట వచ్చేసింది.

"దారం."

డాక్టరుగారు గొట్టాన్ని అక్కడే నిలిపి, మడత వెనకదంతా అంచుల దాకా చూశారు. తర్వాత తీగ ఉచ్చు తెప్పించుకున్నారు. బొటనవేలి గోరంత ఉంది అది. పోయినేడు అందులో సగం కూడా లేదని గొట్టాలక్కకి తెలుసు, అయినా ఆ మాట అప్పుడు పైకి అనలేదు.

కోసి తీసినదాన్ని పరీక్షకి పంపితే వారానికి జవాబొచ్చింది. కణాలు మారడం మొదలుపెట్టాయి, గోడలోకి మాత్రం దిగలేదు. పూర్తిగా వచ్చేసింది, ఇక భయం లేదు. పదేళ్ల తర్వాత వచ్చి ఉంటే ఏమయ్యేదని బాబాయి అడిగితే, "పదేళ్లదాకా నువ్వు ఉండేవాడివి కాదు" అన్నారు డాక్టరుగారు. ఆ జవాబు విని బాబాయి ఆ పూటంతా ఎవర్నీ పైకా, కిందకా అని అడగలేదట. ఏ అంతస్తు అంటే ఆ అంతస్తుకి తీసుకెళ్లాడట. మర్నాడు గొట్టాలక్క ఎక్కినప్పుడు జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి, మాట్లాడకుండా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని విప్పలేకపోయింది.

ఆ తర్వాత పరీక్ష గదిలో కొన్ని మార్పులొచ్చాయి. గోడవారన ఒక స్టూలు వేసి, గొట్టాలక్కని పూటకి రెండు గంటలు దానిమీద కూర్చోమన్నారు. ఆమెకే కాదు, గదిలో ఉన్నవాళ్లెవరికి కనిపించినా పైకి చెప్పి తీరాలని డాక్టరుగారు నియమం పెట్టారు. వెనక్కి వచ్చేటప్పుడు గడియారం చూసుకుంటారు, తొందరపడరు. ప్రతి మనిషినీ ఒక్కసారైనా ఇంకో పక్కకి తిప్పి చూస్తారు. కనిపించగానే ఏమని చెప్పాలన్న ప్రశ్న రాలేదు. అందరూ "దారం" అనే అంటారు, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు కూడా. ఎందుకలా అంటారో అతనికి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆమె అడుగు అంతస్తులో రికార్డుల గదికి వెళ్తుంది. అక్కడ గుమాస్తా ఏడాది రికార్డింగులు ఒక్కొక్కటే ఆడిస్తాడు. ఆమె, యంత్రం పక్కపక్కన కూర్చుని చూస్తారు. కొన్ని ఆమెకి కనిపించనివి యంత్రం పడుతుంది, కొన్ని యంత్రానికి అందనివి ఆమె పడుతుంది. దొరికిన ప్రతిదానికీ ఒక నంబరు, నంబరుకి ఒక పేరు, పేరుకి ఒక ఫోను. ఇప్పటికి ఇరవై ఆరుమందిని పిలిపించారు. డాక్టరుగారే స్వయంగా ఫోన్ చేసి, నేను చూడలేదండీ, తప్పు నాదే అని చెబుతారు. కొందరు తిడతారు. ఆయన పూర్తిగా విని, ఏ రోజు రాగలరో అడుగుతారు.

అంతకు ముందు పదేళ్లవాళ్ల సంగతే తేలలేదు. వేలమంది. అందర్నీ మళ్లీ పిలవాలని డాక్టరుగారు రాసిన కాగితం పైవాళ్ల దగ్గర ఉంది, ఆలోచిస్తున్నామని అంటున్నారు. ఈలోగా ఒకరోజు ఆయన కాగితాల దస్తా ముందు పెట్టుకుని, "నీకు గుర్తున్నవి చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నారు. నంబర్లు ఆమెకి గుర్తులేవు. పాదాలు చెప్పింది. ఎడమ మడమ మీద కాలిన మచ్చ ఉన్నాయన. బొటనవేలికంటే రెండో వేలు పొడుగ్గా ఉన్న అమ్మాయి. ఊలు మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకున్న ముసలావిడ. మత్తులోకి జారుకునేదాకా వేళ్లు ముడుచుకుని ఉన్న మనిషి. ఒక్కొక్కరికీ ఏ వంపు దగ్గర, ఎన్నో మడత వెనక ఉందో చెప్పింది. డాక్టరుగారు ఒక్కటీ వదలకుండా రాసుకున్నారు. రాస్తున్న ఆయనకీ, చెబుతున్న ఆమెకీ తెలుసు, ఏ ఆసుపత్రి రికార్డులోనూ పాదాల వివరాలు ఉండవని.

ఆ రోజు మూడింటికి ఆమె లిఫ్టు ఎక్కేసరికి అది జనంతో నిండి ఉంది. బాబాయి ఆమెకి కాస్త చోటు చేశాడు. చేతిలో మందుల చీటీ పట్టుకున్న పెద్దాయన, బిడ్డని భుజాన వేసుకున్న తల్లి, ఫోనులో ఎవరికో దారి చెబుతున్న ఒకాయన, ఇంకా నలుగురైదుగురు. వీళ్లలో ఎవరన్నా ఎప్పుడన్నా ఆ మంచం మీద పడుకున్నారా? అంతా బాగుందని విని, ఇంటికెళ్లి బిస్కెట్లు పంచారా? ఆమె ఒక్కొక్క మొహాన్నీ చూసింది. ఏ మొహమూ ఆమెకి ఏమీ చెప్పలేదు. తల దించి కిందకి చూసింది. అందరూ చెప్పులూ బూట్లూ వేసుకుని ఉన్నారు.

"పైకా? కిందకా?" అన్నాడు బాబాయి.